ఉప్పల్ దాటాక దిగాల్సిన ఊళ్లు

పొద్దున ఐదున్నర. హబ్సిగూడ మెట్రో స్టేషన్ షట్టర్లు ఇంకా లేవలేదు. పిల్లర్ పక్కన ఇడ్లీ బండి ఒక్కటే మేలుకొని ఉంది. మూత తీసినప్పుడల్లా ఆవిరి లేచి వీధిదీపాన్ని మసక చేస్తోంది. కార్తీకమాసం, చలి అప్పుడే మొదలైంది. మీరు ప్లేటు రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డారు, ఇడ్లీ కోసం కాదు, వేడి కోసం. పల్లి చట్నీ ఇంకాస్త వేయించుకోండి. మళ్లీ తినేది ఎప్పుడో చెప్పలేం.

మీతో కలిపి ఐదుగురం. అక్కది రాళ్ల చదువు. మా పేటలో అదేం వింత కాదు. 1961లో మొదలైన భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐ ఇక్కడే ఉంది, అదే రోడ్డు మీద జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. ఏ గేటు తట్టినా ఆ ఇంట్లోనో పక్కింట్లోనో ఒక సైంటిస్టు ఉంటారు. తమ్ముడు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు, వేళ్ల సందుల్లో నూనె మరక ఆదివారం కూడా పోదు. మామ ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో రెండేళ్లు చదివి వచ్చాడు. నేను పిల్లలకు తెలుగు చెబుతాను.

ఈ ప్రయాణం పుట్టింది మామ వల్లే. అక్కడ శనివారం వస్తే, ఒకే ఇంట్లో ఉండే నలుగురు తెలుగు కుర్రాళ్లు పులిహోర డబ్బాలో పెట్టుకొని యార్క్ రైలెక్కేవాళ్లట. అరగంట లోపే ఊరు. చుట్టూ 3.4 కిలోమీటర్ల పాత కోటగోడ, దాని మీద ఎవరైనా నడవొచ్చు, టికెట్టు లేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో గోడ కింది గట్టంతా పసుపుపచ్చ డాఫడిల్ పూలు. ఒక వారం యార్క్, ఒక వారం చెస్టర్, చేతిలో డబ్బులాడితే బాత్. ఆ యార్క్ గోడను 1800లో ఊరి పాలకులే కూలగొట్టించాలని చూశారు. జనం అడ్డం తిరిగారు, తర్వాత చిత్రకారుడు విలియం ఎట్టీ లాంటివాళ్లు దాని కోసం ఏళ్ల తరబడి పోరాడారు, అలా మిగిలింది. ఒకరోజు ఆ గోడ మీద కూర్చొని పులిహోర తింటుంటే నలుగురిలో ఒకడు నోరు విప్పాడట. వాడిది భువనగిరి. పుట్టి పెరిగిన ఊళ్లో, ఇంటి మేడ మీద నుంచి కనిపించే ఆ కోటను తను ఎన్నడూ ఎక్కలేదని చెప్పాడట.

మామ తిరిగొచ్చాక ఆ మాట మాకు చెప్పాడు. మాలో ఎవరమూ ఎక్కలేదు. వరంగల్ రోడ్డు మీద పెళ్లిళ్లకు, చావులకు, మేడారం జాతరకు ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు. భువనగిరి కిటికీలోంచి చూసిన ఊరు, ఆలేరు టీ తాగిన ఊరు, పెంబర్తి బోర్డు చదివిన ఊరు. దిగింది లేదు.

ఇవాళ దిగుతున్నాం.

ఉప్పల్ రింగ్‌రోడ్ దగ్గర ఆ వేళకే జాతరలా ఉంది. పాల క్యాన్లు, పెళ్లి పట్టుచీరలు, పరీక్ష హాల్‌టికెట్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న పిల్లలు. "గుట్ట, గుట్ట, భువనగిరి, గుట్ట!" అంటే యాదగిరిగుట్ట బస్సు. ఎక్కండి, ఎడమ వైపు కిటికీ మీకే. అక్క ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు తీసుకుంది. కండక్టర్ మనల్ని చూసి, "గుట్టకేనా?" అన్నాడు. భువనగిరి అన్నాం. "కోటకా? పొద్దుగాల్నే పోతున్నరు, మంచిది. పది దాటితే గుండు కాలుతది."

ఆ మాట గుర్తుపెట్టుకోండి.

బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి ఒకదాన్నొకటి ఆనుకొని పోయాయి. ఘట్‌కేసర్ దగ్గర తెల్లారింది. బీబీనగర్‌లో ఎయిమ్స్ భవనాలు. ఆ తర్వాత పొలాలు, తాటిచెట్లు, రోడ్డు అంచు పొడవునా ఆరబోసిన వడ్లు. కాసేపటికి ఆ పొలాల మధ్య నుంచి ఒక బోడిగుండు లేచింది. చెట్టు లేదు, మట్టి లేదు. బూడిదరంగు రాయి ఒక్కటే ఆకాశానికి వీపు తిప్పుకొని పడుకున్నట్టుంది. దాని నెత్తిన సన్నగా గోడ గీత.

ఉప్పల్ నుంచి భువనగిరికి దాదాపు 40 కిలోమీటర్లు. దిగాం.

మొదటి మెట్లు తేలికే. దర్వాజా దాటాక మెట్లు రాతిలోకి దిగిపోతాయి. కట్టినవి కావు, అదే రాయిని తొలిచి చేసినవి. కొన్ని జానెడు ఎత్తు, కొన్ని మోకాలెత్తు. మీ చేయి గుండు మీద ఆనించండి. గరుకుగా ఉంది, ఇంకా చల్లగా ఉంది. అక్క అక్కడే ఆగి చెప్పడం మొదలుపెట్టింది.

"ఇది గుట్ట కాదు, మొత్తం ఒకటే రాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల కింద భూమి లోపల కరిగిన రాయి మెల్లగా గడ్డకట్టి గ్రానైట్ అయింది. దాని మీదున్నదంతా వానకు, గాలికి కొట్టుకపోయింది. నెత్తిన బరువు తగ్గేకొద్దీ లోపలి రాయి ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు ఉల్లిగడ్డ పొరల్లాగ పగులుతుంది. అందుకే ఇంత నున్నగా, గుండ్రంగా ఉంది. చూడు, ఈ పొర ఊడడానికి తయారుగా ఉంది."

నిజంగానే గుండు మీద అరచేయి మందం పలక ఒకటి, కింద సన్నటి చీకటి గీతతో, రాయి నుంచి విడివడి ఉంది. తమ్ముడు వేళ్లతో తట్టాడు. బోలుగా మోగింది. రెండడుగులు జరిగి తట్టాడు, మోగలేదు. వాడి మొహం వెలిగింది. పోత మంచిదో కాదో షెడ్డులో రోజూ అలాగే తట్టి చూస్తాడు.

ఇంకాస్త పైన, దారికి పక్కగా, రాతిలో అంగుళం అంగుళం ఎడంతో గుంతల వరుస. ఎవరో పని మధ్యలో వదిలేసి పోయినట్టుంది. ఉలితో ఆ గుంతలు తవ్వి, వాటిలో చీలలు దిగ్గొట్టి రాయిని చీల్చేవాళ్లు. మీ చిటికెన వేలు అందులో పట్టింది. లోపల నిన్న రాత్రి మంచు, కాస్త తడి.

కళ్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు, 1076 నుంచి 1126 దాకా ఏలినవాడు, ఈ గుండును కోట చేశాడు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. అందుకే ఇది త్రిభువనగిరి, నోట నానగా భువనగిరి. ఆ తర్వాత కాకతీయులు, గోల్కొండ పాదుషాలు, ఎవరికి వారు ఒక గోడో ఒక కమానో కలుపుతూ పోయారు. పాఠంలో చెబితే నాలుగు ముక్కలు. ఇక్కడ మాత్రం ఒక దర్వాజా కింద నిలబడితే కింది వరుస రాళ్లు ఒకరివని, పై కమాను ఇంకొకరిదని కంటికే తెలుస్తుంది.

రెండో దర్వాజా నీడలో ఊపిరి తీసుకోండి. అక్క చేయెత్తి పక్క గోడలాంటి నిట్టనిలువు బండను చూపించింది. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ అనే ఇద్దరు గురుకుల విద్యార్థులు తాడు పట్టుకోవడం నేర్చుకున్నది ఈ రాయి మీదే. 2014 మే 25న వాళ్లు ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల. మీరు పిక్కలు పట్టుకొని ఆ బండను పైదాకా చూశారు. ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత మిగిలిన మెట్లు ఎక్కడానికి మనలో ఎవరూ వెనకాడలేదు.

పైన గాలి. చున్నీలు, టోపీలు పట్టుకోవాల్సినంత గాలి. 500 అడుగులకు పైగా ఎత్తు. నీటి గుంటల్లో ఆకాశం ముక్కలు ముక్కలుగా పడి ఉంది. కింద ఊరంతా నీళ్ల ట్యాంకులు, మేడల మీద ఆరేసిన చీరలు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట పోయే రైలు పురుగులా పాకుతోంది, దాని కూత మాత్రం చాలా ఆలస్యంగా మన దాకా వచ్చింది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది ఈ కింది ఊళ్లోనే. తెలంగాణ పల్లెల్లో దొరల గడీలకు ఎదురు తిరిగిన మాటలు చాలా ఈ గుండు నీడన పదునెక్కాయి. మామ ఫోన్ తీసి లీడ్స్‌లో ఉండిపోయిన ఆ భువనగిరి స్నేహితుడికి వీడియో కాల్ చేశాడు. అక్కడ అర్ధరాత్రి దాటి చాలాసేపైంది. నిద్రమొహంతో తెర మీదకు వచ్చినవాడు కిందున్న ఇళ్లను వెతికి వెతికి, "ఆ నీలిరంగు ట్యాంకు పక్కది మాదే మామా," అన్నాడు. ఆ తర్వాత కాసేపు ఏమీ అనలేదు. మామ ఫోన్ అలాగే పట్టుకొని నిలబడ్డాడు.

దిగేసరికి పది దాటింది. గుండు మీద చేయి పెట్టి చూడండి. కండక్టర్ చెప్పింది నిజం.

ఆలేరులో దిగి ఆటో మాట్లాడుకుంటే కొలనుపాక 6 కిలోమీటర్లు. కళ్యాణి చాళుక్యులకు ఒకప్పుడు రెండో రాజధానిలాంటి ఊరు. ఇక్కడ జైనులు కుల్పాక్‌జీ అని పిలుచుకునే గుడి ఉంది. 51 అంగుళాల మహావీరుడు, పచ్చరాయి విగ్రహం. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఓపిక పట్టండి, అప్పుడు ఆ ఆకుపచ్చ లోపలి నుంచి వెలిగినట్టు కనిపిస్తుంది. నాలుగడుగుల దూరంలోనే సోమేశ్వరాలయం. వీరశైవులు తమ రేణుకాచార్యుడు ఆ లింగంలో నుంచే పుట్టాడని నమ్ముతారు. గుడి ఆవరణలో ఊరి పొలాల్లో దొరికిన శిల్పాలు, శాసనాలు. మీసాల వీరుడి పక్కన ముక్కు విరిగిన నంది. తీరిగ్గా చూడాలంటే దీనికే ఒక రోజు కావాలి. మనం గంటన్నరలో కదిలాం, అది తప్పేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పెంబర్తి ఊళ్లోకి అడుగుపెట్టగానే ముందు చెవికి తెలుస్తుంది. టక్ టక్ టక్, ఒక ఇంట్లో వేగంగా, ఇంకో ఇంట్లో నింపాదిగా. చెప్పులు వాకిట్లో విడవండి. లోపల ఒక తాత, నేల మీద మఠం వేసుకొని, ఒళ్లో లక్క పరిచిన పలక. దాని మీద పలుచటి ఇత్తడి రేకు. రేకు వేడి చేస్తే కింద లక్క మెత్తబడి దాన్ని పట్టుకుంటుంది, చల్లారితే గట్టిపడి దెబ్బకు ఓర్చుకుంటుంది. రేకు మీద పెన్సిల్‌తో గీసిన మకరతోరణం. ఏదో ఊరి అమ్మవారికి. పక్కన డబ్బాలో ఉలులు, ముప్పైకి తక్కువుండవు. ఒక దాని ముక్కు చంద్రవంక, ఒకటి చుక్క, ఒకటి మొద్దు. దేన్నీ కొనలేదట, అన్నీ తానే సానబెట్టుకున్నవి.

తాత మనవైపు చూడకుండానే కొడుతున్నాడు. సుత్తి ఎత్తేది బెత్తెడే. ఉలి ఒక్కచోట ఆగదు, దెబ్బకు దెబ్బకు మధ్య వెంట్రుకవాసి జరుగుతుంది. అందుకే గీత తెగకుండా పోతుంది. మొసలి పళ్ల వరుస ఒక్కొక్కటే లేచింది. తర్వాత రేకు వెచ్చజేసి లక్క నుంచి ఊడదీసి తిరగేశాడు. ఇటు గుంత అయినది అటు ఉబ్బుగా, ముద్దగా, ప్రాణమున్నట్టుగా.

తమ్ముడు దగ్గరికి జరిగి కూర్చున్నాడు. "తాతా, రేకు ఎంత కొడితే చిల్లి పడుతదో ఎట్ల తెలుస్తది?"

"సప్పుడు మారుతది బిడ్డా. గట్టిపడ్డ ఇత్తడి కీసుమంటది. అప్పుడు ఆగాలె, మళ్ల కాల్చాలె, మెత్తవడ్డంక కొట్టాలె. ఇనకపోతే పగులుతది." తాత సుత్తి వాడి చేతికిచ్చాడు, పనికిరాని తునక ముందు పెట్టాడు. తమ్ముడు నాలుగు దెబ్బలు కొట్టి, వెంటనే ఆపి, రేకు మీద వేలితో రాసి చూశాడు. తాత మొదటిసారి తలెత్తి వాడి మొహం చూశాడు. "ఏం పనిజేస్తవు?" లేత్ అని చెప్పాడు. "అట్లను. చెయ్యి ఎరికున్న చెయ్యి."

కాకతీయుల కాలం నుంచి గుళ్లకు, రథాలకు రేకు తొడిగిన పని ఇది. 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ధ్వజస్తంభం తొడుగులు, గర్భగుడి తలుపులు, దేవుడి కవచాలు ఇప్పటికీ ఇక్కడి నుంచి పోతాయి. వీళ్ల మనవళ్లు మాత్రం చాలామంది హైదరాబాద్ బస్సెక్కారు. మీరు అరచేతంత పూర్ణకుంభం ఒకటి కొన్నారు. బేరమాడలేదు. మంచి పని చేశారు.

జనగామ దాటాక రఘునాథపల్లి దగ్గర కిటికీలోంచి పక్క ఊరి వైపు చూడండి. అటు ఖిలాషాపూర్. సర్వాయి పాపన్న కోట కట్టుకున్న ఊరు. గౌడుల ఇంట్లో పుట్టి, మొగలు సుబేదార్లను ముప్పుతిప్పలు పెట్టి, 1708లో వరంగల్‌నూ, మనం పొద్దున ఎక్కిన భువనగిరినీ కొట్టినవాడు. రోడ్డు పక్కన తాటిచెట్టు మీద గీతగాడు నడుముకు మోకు వేసుకొని కుండ దించుతున్నాడు. చీకటి పడుతోంది, ఇవాళ ఇక్కడ దిగలేం.

రాత్రి హన్మకొండలో వేడి సర్వపిండి, వెంటనే నిద్ర.

తెల్లవారి ఆదివారం వేయిస్తంభాల గుడిలో కార్తీక దీపాలు. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడు, విష్ణువు, సూర్యుడు. కళ్యాణమండపాన్ని 2006లో రాయి రాయి విడదీసి, మళ్లీ పేర్చి 2024లో తెరిచారు. ఇసుక నింపిన పునాది మీద ఇంత బరువు ఎలా నిలుస్తుందో అక్క నేల మీద పుల్లతో గీసి చూపించింది. నేను సగం విన్నాను. నల్లరాయి స్తంభంలో నా మొహం కనిపిస్తుంటే మిగతా సగం వినలేకపోయాను.

ఇక ఓరుగల్లు కోట.

ఆటో ఒక పొదల గట్టును చీల్చుకొని పోయే దారిలోకి తిరిగింది. "ఆపన్నా," అంది అక్క. దిగండి. ఇది గట్టు కాదు, మట్టికోట. ఈ రోడ్డున పోయేవాళ్లలో చాలామందికి కోట దాటామన్న సంగతే తెలియదు. దాని మీద తుమ్మచెట్లు, మేకలు. అటు పక్క అగడ్త జాడ. అది దాటాక రాతికోట ఎదురొస్తుంది. గ్రానైట్ దిమ్మెలు, సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి బరువే వాటిని పట్టుకొని ఉంది. 45 బురుజులు. దర్వాజా లోపలికి దారి తిన్నగా పోదు, రెండుసార్లు మెలి తిరుగుతుంది. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపు కుమ్మే వీలు లేకుండా.

గణపతిదేవుడు పెంచుతూ వచ్చిన గోడను కూతురు రుద్రమ ఇంకా ఎత్తు చేసింది, లోపలి వైపు పొడవునా మెట్లు కట్టించింది. ఎటు నుంచి దాడి వచ్చినా సైనికుడు ఉన్నచోటు నుంచే గోడెక్కొచ్చు. మామ ఆ మెట్లెక్కి గోడ మీద నడవడం మొదలుపెట్టాడు, యార్క్‌లో నడిచినట్టే. కొంతదూరం పోయాక ముళ్లపొద అడ్డొచ్చింది. ఆగి లోపలికి చూశాడు. మీరూ చూడండి. గోడ లోపల ఒక ఊరు. పెంకుటిళ్లు, డాబాలు, పత్తి చేలు, నీడన బర్రెలు, బడి, ఎవరింటి ముందో పెళ్లిపందిరి. ఇక్కడ కోట చూడటానికి వచ్చేవాళ్ల కంటే కోటలో బతికేవాళ్లు ముందుంటారు. నాకు ఓరుగల్లు మీద ప్రేమ అక్కడే. ఆ ముళ్లపొద తీసేస్తే, గోడ మీద నడకదారి పడితే ఎంత బాగుంటుంది. దాని కోసం ఒక్క ఇల్లు కూడా కూలకూడదు.

నడిబొడ్డున నాలుగు తోరణాలు, నాలుగు దిక్కులకు. దగ్గరికి రండి. దూరం నుంచి ఇవి రాష్ట్ర ముద్రలో చూసిన బొమ్మే. దగ్గరికి వస్తే మెడ వెనక్కి వాలుతుంది. నిలువు స్తంభాల మీద ఏటవాలు బోదెలు, వాటి మీద అడ్డరాయి, దాని అంచున హంసలు, కింద వేలాడే తామరమొగ్గలు, రాతిదండలు. దండలోని ఒక్కో పూస కింద నీడ విడిగా పడుతోంది. ఇంత చెక్కడంలో దేవుడి బొమ్మ ఒక్కటీ లేదు. 1323లో ఢిల్లీ సేన కోట పట్టినప్పుడు నడుమనున్న స్వయంభూ శివుడి గుడి కూలింది, తోరణాలు నిలిచాయి. దేవుడి బొమ్మలు లేకపోవడమే వాటిని కాపాడిందని కొందరు చరిత్రకారుల మాట. కాకతీయుల చివరి రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా పట్టుకుపోతుంటే నర్మదా తీరంలో ప్రాణం పోయింది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. నేల మీద గుడి ముక్కలు: సగం చూరు, చెయ్యి లేని నాట్యకత్తె, ఏనుగు కాళ్లు.

పక్కనే ఖుష్ మహల్. తర్వాతెప్పుడో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ పేరు మీద చెబుతారు గాని, ఆయనకంటే ముందటిదేనని కొందరు పండితులు అంటారు. లోపల చల్లగా ఉంది, కాసేపు కూర్చోండి. మామ మాత్రం కూర్చోలేదు. తూర్పు తోరణం నుంచి పడమటి తోరణం దాకా అడుగులు లెక్కపెడుతూ పోయాడు. మధ్యలో నలుగురు పిల్లలు క్రికెట్ ఆడుతుంటే లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఒక చిన్నోడు బ్యాటు పడేసి, పక్కన చేరి, తనూ గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

తిరుగు బస్సులో ఒళ్లో సీతాఫలాల సంచి, రోడ్డు పక్కన కొన్నవి. ఒకటి పండి చిట్లింది, వేళ్లన్నీ జిగురు. తమ్ముడు సీటు వెనక రేకు మీద వేలితో తడుతున్నాడు, టక్ టక్ టక్. ఘన్‌పూర్, జనగామ, పెంబర్తి, ఆలేరు చీకట్లో దీపాల గుంపుల్లా పోయాయి. భువనగిరి దగ్గర గుండు కనిపించలేదు, నక్షత్రాలు లేని నల్లటి ఖాళీ ఒకటి కనిపించింది. మీరే ముందు గుర్తుపట్టారు.

"ఉప్పల్ దిగేటోళ్లు లేవండి," కండక్టర్ కేక.

మెట్లు దిగుతూనే అక్క అడిగింది: "రామప్ప ఎప్పుడు?"

"రామప్పకు రెండు రోజులు కావాలె అక్కా," అన్నాడు మామ. "వచ్చే శనివారం జనగామల దిగుదాం. అక్కడ్నించి పాలకుర్తి బస్సు. సోమనాథుని ఊరు, పక్కనే పోతన బమ్మెర." తర్వాత నా వైపు తిరిగాడు. "తెలుగు సారువి, నువ్వన్నా చూసినవా?"

లేదని చెప్పాను.

"అయితే ఐదున్నరకు. ఇడ్లీ బండి కాడ."